అరగంట లాకెట్‌కు సమర్థన

రాయి చుట్టూ పూసలు కుట్టి లాకెట్ చేయడం అరగంట పని అని తేల్చిన మహానుభావులకు ముందుగా దండాలు. వారి వీడియోల్లో జిగురు రెప్పపాటులో ఆరుతుంది, దారం చిక్కుపడదు, ఆఖరి పూస వచ్చి తన చోట్లో తానే కూర్చుంటుంది. ఇంతటి ప్రగతిని ఓర్వలేని శక్తులు మాత్రం ఇంకా ఉన్నాయి. వాటిలో మొదటి ద్రోహి జిగురు.

E6000 రకం జిగురు పది నిమిషాల్లో బంక కడుతుంది కానీ, పూర్తిగా గట్టిపడటానికి 24 నుంచి 72 గంటలు తీసుకుంటుంది. అరగంటలో ఇది ఇమడదు గనుక క్షణాల్లో అంటుకునే జిగురు వాడాలని ఈ అరగంట ఉద్యమం తీర్మానించింది. అది ఆరాక పెళుసుబారుతుంది. రాయి అంచున తెల్లటి మసక మిగులుస్తుంది. కింద వేసిన బక్రం అనే బిరుసు గుడ్డలోకి ఇంకి రాయిలా మారితే అక్కడ సూది దిగదు, 12 నంబరు సూది అయితే విరుగుతుంది కూడా. సూదుల పరిశ్రమకు ఇది మంచి వార్తే.

అసలు జిగురు మీద ఇంత నమ్మకం దేనికో. ఈ లాకెట్‌లో వాడే కాబొషాన్ అంటే అడుగు చదునుగా, పైన ఉబ్బుగా సానపట్టిన రాయి. పాత కెంపుల నగల్లో మెరిసేవి చాలావరకు ఇలాంటివే. అక్కడ కంసాలి రాయి చుట్టూ లోహంతో గట్టు కడతాడు, ఇక్కడ పూసలతో కడతారు. కుట్టేంతసేపు రాయి జరగకుండా చూడటమే జిగురు పని, ఆ తర్వాత రాయిని పట్టి ఉంచేది గట్టే. అందుకే జిగురును రాయి మధ్యలో పూసి, అంచున 2 మిల్లీమీటర్లు వదిలేయమంటారు, లేకపోతే నొక్కగానే బయటికి పొంగి మొదటి వరస కుట్టే దారినే మూసేస్తుంది. చాదస్తులు.

రెండో ద్రోహి గణితం. 30×22 మిల్లీమీటర్ల కోలరాయి చుట్టూ 11 నంబరు పూసలు 60 పైచిలుకు పడతాయి. నాలుగు పూసలు ఎక్కించి బట్టలోకి దిగాలి. రెండు పూసలు వెనక్కి వచ్చి పైకి తేలి, ఆ చివరి రెండింట్లోంచి మళ్ళీ దూరాలి. ఇలా చుట్టూ తిరిగాక మొత్తం సరిసంఖ్య కావాలి. ఎందుకంటే పైన వేసే పెయోటీ కుట్టులో ఒక పూస వదిలి ఒక పూసలోకి దూరుతూ పోతాం. సరిసంఖ్య ఉంటే వరస మొదలైనచోటే ముగిసి, అక్కడ ఒక పూస మెట్టు ఎక్కి పై వరసకు వెళ్తాం. బేసి వస్తే ఆ మెట్టే ఉండదు, వరస సుడి తిరుగుతూ పైకి పోతుంది, గట్టు ఒకచోట ఎత్తుగా తేలుతుంది. ఉద్యమకారులు దీన్ని 'డిజైన్' అంటారు. పాతకాలపు వాళ్ళు మాత్రం సన్నపూసలూ లావుపూసలూ ముందే ఏరి పక్కన పెట్టుకుని, చివర్లో ఖాళీని బట్టి రెండు సన్నవో ఒక లావుదో వేసి లెక్క సరిచేస్తారు. మియుకీ, టోహో వంటి జపాన్ పూసల్లో ఈ ఏరుడు తక్కువ, పొట్లాల్లో దొరికే చవకవాటిలో ఎక్కువ.

మరో కుట్ర 15 నంబరు పూస. నంబరు పెరిగితే పూస చిన్నదవుతుందన్న నియమం మామూలు మనిషిని తికమక పెట్టడానికే కనిపెట్టినట్టుంది. 11 నంబరుతో రెండు వరసలు లేపి, పై రెండు వరసలూ 15తో వేస్తే గట్టు లోపలికి వంగి రాయిని కౌగిలిస్తుంది. అన్నీ 11తోనే వేస్తే వంగదు, పొత్తిళ్ళు విప్పిన బిడ్డలా రాయి ఎటైనా జారిపోవచ్చు. 15 బెజ్జంలోంచి మాత్రం దారం మూడునాలుగుసార్లకు మించి పోదు. బలవంతంగా సూదిని లాగితే పూస చిట్లుతుంది, అది చిట్లేది కూడా వరస పూర్తయ్యాకే.

రాయి విషయంలో ఉద్యమం ఉదారంగా ఉంది: ఫిరోజా రంగుంటే ఫిరోజానే. నీలిరంగు పట్టించిన హౌలైట్ అనే తెల్లరాయికి గోళ్ళరంగు తుడిచే ద్రావణంలో తడిపిన దూదిని అడుగువైపు రాయగానే దూది నీలమవుతుంది. చంద్రకాంతమణి పేరుతో అమ్మే ఓపలైట్ గాజే. పరీక్షించకపోతే రెండూ అసలువే.

ఇక కత్తిరింపు. బక్రాన్ని పూసలకు ఒక మిల్లీమీటరు ఎడంగా కత్తిరించాలి, అదీ వెనకాల దారాలు తెగకుండా. తర్వాత వెనక మెత్తటి తోలులాంటి స్యూడ్ గుడ్డ అంటించి, అంచు చుట్టూ పూసలతో రెండు పొరల్నీ కలిపి కుట్టాలి. గొలుసు వేలాడదీసే కొక్కెం స్యూడ్ అంటించకముందే పెట్టాలి, అది గుర్తొచ్చేది మాత్రం అంటించాకే.

ఇంత చేశాక "పూసలేగా, రెండొందలకివ్వండి" అనే కొనుగోలుదారు వస్తారు. కాదనక్కర్లేదు. అంచు కుట్టు లేకుండా ఒక ధర, 15 నంబరు వరసలు లేకుండా ఇంకో ధర అని బోర్డు పెడితే సరి. రాయి విడిగా అమ్మబడును.