దేశాల జెండా పాట

వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి సీజనులో పొద్దున్నే జరిగే జెండా పాటను ఒక్కసారైనా చూడనివారికి అంతర్జాతీయ వాణిజ్య శాస్త్రం బోధపడదని నా దృఢాభిప్రాయం. ఆ రోజు వచ్చిన సరుకులో అన్నిటికన్నా మేలైన బస్తాలకు జెండా ఎత్తి ఘనమైన ధర పాడతారు. మరునాడు పేపర్లో అచ్చయ్యేది ఆ ధరే. జెండా దిగాక మిగిలిన బస్తాలకు రంగు తగ్గిందనీ, తాలు కలిసిందనీ వేరే లెక్క మొదలవుతుంది. దేశాల నడుమ స్వేచ్ఛా వాణిజ్యమని పెద్దలు కొనియాడే సిద్ధాంతం కూడా ఇటువంటి జెండా పాటేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఈ సిద్ధాంతానికి పుట్టినిల్లు స్కాట్లాండ్ అంటారు. ఓరుగల్లువాడిగా నేను ఒప్పుకోను. అక్కడి ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ మహాగ్రంథం 1776లో వెలువడగా, అంతకు 532 ఏళ్ల ముందే, అంటే 1244లో, మన గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు యావత్తూ పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ ముట్టననీ అందులో మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి. రాతి మీద చెక్కించిన సుంకాన్ని రాత్రికి రాత్రి మార్చడం కుదరదు గనుక కాబోలు, ఆ పద్ధతి తర్వాతి కాలపు ప్రభువులకు రుచించినట్టు లేదు.

స్మిత్ మహాశయుణ్ణి తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దిగుమతుల మీద ఆంక్షలు దండగని అంత పెద్ద పుస్తకంలో వాదించిన ఆయన, 1778లో ఎడిన్‌బరోలో కస్టమ్స్ కమిషనర్‌గా కొలువులో చేరాడు. నిషిద్ధ వస్తువుల జాబితా చదివి చూస్తే తన మెడపట్టీలూ, చేతిరుమాళ్లూ దాదాపు అన్నీ అందులోనే ఉన్నాయని తేలిందట. పదిమందికీ ఆదర్శంగా ఉండాలని వాటిని తగలబెట్టానని ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. సిద్ధాంతానికీ ఉద్యోగానికీ ఒకేసారి ఇంత న్యాయం చేసినవాడు చరిత్రలో మరొకడు లేడు.

ఆయన తర్వాత ఇంగ్లండ్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో లెక్క వేసి చూపించాడు. ఏడాదిపాటు కొంత బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది కావాలి, పోర్చుగల్‌లో 90 మంది చాలు. సారాయి కాయడానికి, అదే ద్రాక్షసారాయి, ఇంగ్లండ్‌లో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండు పనుల్లోనూ పోర్చుగల్‌దే పైచేయి అయినా, అది సారాయికి పరిమితమై బట్ట ఇంగ్లండ్ నుంచి కొనుక్కుంటే ఇద్దరికీ లాభమని ఆయన తేల్చాడు. నేను మూడుసార్లు వేసి చూశాను, లెక్కలో తప్పు లేదు. మగ్గం దిగిన పోర్చుగల్ నేతగాడు మరునాటికల్లా ద్రాక్షతోటలో పని నేర్చేసుకుంటాడా అన్న సందేహం కొత్తవాడలో షత్రంజీలు నేసేవాళ్లకు వస్తుందేమో గాని, శాస్త్రజ్ఞులకు రాలేదు.

బట్ట ఇంగ్లండే ఎందుకు నేయాలన్నది మరీ లోతైన విషయం. మన దేశపు అద్దకం బట్టలు లండన్‌లో విరివిగా అమ్ముడుపోతుంటే, ఆ దేశపు పార్లమెంటు 1700లో వాటి దిగుమతిని నిషేధించింది. 1721లో అద్దకపు నూలు బట్ట కట్టుకోవడమే నేరమంది. ఆ నీడలో మిల్లులు బలిసిన తర్వాత 1846లో బయటి ధాన్యాన్ని అడ్డుకునే ధాన్యం చట్టాలను రద్దు చేసి, స్వేచ్ఛా వాణిజ్యం సకల మానవాళికీ శ్రేయస్కరమని జెండా ఎత్తింది. 1882లో భారతదేశంలోకి వచ్చే తన బట్టల మీద సుంకం తీసేయించింది. ఖజానా నిండక 1894లో మళ్లీ వేయవలసి వచ్చేసరికి తన లాంకషైర్ బట్టల మిల్లుల గోడు వినలేక, 1896లో మన మిల్లు బట్ట మీద కూడా మూడున్నర శాతం వడ్డించింది. పోటీ సమంగా ఉండాలి కదా.

ఇప్పుడైతే ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది, 1995 నుంచి న్యాయం నడుస్తోంది. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ అక్కడ ఫిర్యాదు చేసి గెలిచింది. అమెరికా వెంటనే సబ్సిడీలు ఎత్తేస్తుందని అనుకునే అమాయకులు మన ఊళ్ల పంచాయితీలు చూడనివాళ్లు. 2010లో ఏటా 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రైతుల కోసం కడతానని రాజీకొచ్చి, 2014లో మరో 30 కోట్లతో వ్యాజ్యం ముగించింది. తప్పు మానడం కన్నా దండుగ కట్టడమే చవక అన్న సూత్రాన్ని రికార్డో ఎందుకు విస్మరించాడో తెలియదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అదే నెలలో మన ప్రభుత్వం బయటి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరిదాకా పొడిగించింది. మా వైపు పత్తి ఏరే రోజులు సరిగ్గా అవే.

ఆ దసరా దాటాక, పరకాల వైపు నుంచి ట్రాలీలో పత్తి తెచ్చిన ఒక పెద్దమనిషి కొనుగోలు కేంద్రం బయట కనిపించాడు. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే మాత్రం తీసుకోరు. ఆయన పత్తికి మిషన్ 14 చూపింది. కాలక్షేపానికి నేను ఆయనకు రికార్డో లెక్కంతా వివరించాను. ఓపిగ్గా విని, తలపాగా సర్దుకుని అడిగాడు: "గట్లనా సారూ? మరి ఓడలల్ల వచ్చే పత్తికి గుడ తేమ మిషన్ పెట్టి చూస్తరా?"

ఇంటికి వచ్చి రికార్డో గ్రంథం మళ్లీ తిరగేశాను. అద్దె మీద అధ్యాయం ఉంది, కూలి మీద ఉంది, పన్నుల మీద ఎన్నో ఉన్నాయి. తేమ గురించి కనిపించలేదు.