ప్రకటనలో కనిపించే ధర ఒక్కటే చూడకూడదు

క్రూయిజ్‌ను, అంటే ఓడలో విహారయాత్రను, ఎలా ఎంచుకోవాలో చెప్పే ఒక వ్యాసం చదివి ఇది రాస్తున్నాను. ముందుగా బుక్ చేసుకుంటే క్రూయిజ్ చౌకగా దొరుకుతుందన్న ఆ వ్యాసకర్త మాటతో చాలావరకు ఏకీభవిస్తాను. జనవరి నుంచి మార్చి వరకు కంపెనీలు ఎక్కువగా రాయితీలు ప్రకటిస్తాయన్నదీ నిజమే. అయితే ఓడరేవు రుసుములు, సిబ్బందికంటూ రోజువారీ లెక్కన చాలా ఓడల్లో వసూలు చేసే టిప్పులు, వైఫై, పానీయాలు, రేవుల్లో దిగి చేసే విహారాల ఖర్చు కూడా కలిపి చూసుకుంటే, చౌక అనుకున్న ప్రయాణమే ఒక్కోసారి ఖరీదైనదిగా తేలుతుంది.

గది ఎంపికను మాత్రం వ్యాసంలో ఒక్క వాక్యంతో దాటేశారు. ఓడ ఊగడం మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తక్కువగా తెలుస్తుంది కనుక, ప్రయాణంలో కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు బాల్కనీ మోజులో పై అంతస్తు చివరి గదిని ఎంచుకోకపోవడమే మేలు. డెక్ ప్లాన్ (ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) చూసి, తమ గదికి సరిగ్గా పైన ఏముందో కూడా గమనించాలి. నేను ఒకసారి ఆ పని చేయక, భోజనశాలలో కుర్చీలు ఈడ్చే చప్పుడు అర్ధరాత్రి దాకా వింటూ పడుకున్నాను.

అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు ఉంటుంది. కరీబియన్ యాత్రలకు సెప్టెంబరు ప్రాంతంలో ధరలు తగ్గడానికి అదీ ఒక కారణం. వాతావరణాన్ని బట్టి రేవులను మార్చే హక్కు కంపెనీకే ఉంటుందని ఒప్పంద పత్రంలో రాసి ఉంటుంది. ఇక ఓడ బయలుదేరే రోజునే విమానంలో రేవుకు చేరాలనుకోవడం సాహసమే, ఎందుకంటే విమానం ఆలస్యమైతే ఓడ సాధారణంగా మన కోసం ఆగదు.