నలభై లోపే ముట్లు ఆగిపోయిన మనిషితో "పీడ విరగడైంది" అనకండి

ఈ మాట నాతో కనీసం పది మంది అని ఉంటారు. బాధపెట్టాలని కాదు, ప్రేమగానే అన్నారు. "పోనీలేవే, నెలనెలా ఆ నొప్పి తప్పింది, పీడ విరగడైంది." అప్పటికి నాకు 38 ఏళ్లు. అన్న ప్రతిసారీ తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు 41. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. ముఖ్యంగా 45 లోపే పీరియడ్స్ తప్పుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు చదవండి.

నాకు మొదట ఒక నెల తప్పింది. ప్రెగ్నెన్సీ ఏమోనని టెస్టు చేసుకున్నాను, కాదు. తర్వాత రెండు నెలలకి ఒకసారి కనిపించింది. ఆ తర్వాత నాలుగు నెలలు అసలు లేదు. ఈలోపు రాత్రుళ్లు మొదలయ్యాయి. సరిగ్గా రెండింటికి మెలకువ వచ్చేది. ఛాతీలో ఎవరో పొయ్యి ముట్టించినట్టు మొదలై, ఆ సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకేది. రెండు మూడు నిమిషాలంతే. ఆ వెంటనే ఒళ్లంతా చెమట, అది ఆరుతుంటే వణుకు. దిండు తిరగేసి పొడిగా ఉన్న వైపు తల పెట్టుకునేదాన్ని. ఇంకో గంటకి ఆ వైపు కూడా తడిసేది. పొద్దున్నే లేచి ఆఫీసుకు పోయి, మీటింగులో రోజూ వాడే మాటే నోటికి రాక నిలబడిపోయేదాన్ని. నాకేదో మతిమరుపు జబ్బు వచ్చిందని నిజంగానే భయపడ్డాను.

మొదటి డాక్టరు "స్ట్రెస్ అమ్మా, కాస్త రెస్ట్ తీసుకోండి" అని విటమిన్లు రాశారు. రెండో చోట థైరాయిడ్ చూశారు, నార్మల్. మూడో చోట నిద్రకీ టెన్షన్‌కీ మాత్రలిచ్చారు. "ఈ వయసులో మెనోపాజ్ ఏంటమ్మా" అని నా మాట తోసేశారు. ఏడాదిన్నర ఇలాగే గడిచింది. అన్ని రోజుల్లో ఒక్కరు కూడా ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్ష రాయలేదు. నా కోపమంతా ఇక్కడే. అది అరుదైన పరీక్షేం కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయాలని పని చేయమని పంపే హార్మోను అది. అండాశయాలు పలకకపోతే పిట్యూటరీ ఇంకా ఇంకా గట్టిగా పిలుస్తుంది, అంకె పెరుగుతుంది. 40 లోపు మనిషికి నాలుగు నెలలపాటు పీరియడ్స్ రాకుండానో, గతి తప్పో ఉండి, ఆ పరీక్షలో అంకె కూడా 25 దాటితే విషయం ఏమిటో ఆలోచించాలని వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. చివరికి నాలుగో చోట చేస్తే నాది 68. ఆరు వారాలాగి మళ్లీ చేస్తే 74.

పేరు అప్పుడు తెలిసింది. మామూలుగా మెనోపాజ్ 45 నుంచి 55 మధ్య వస్తుంది. 45 లోపు వస్తే ఎర్లీ మెనోపాజ్ అంటారు. 40 లోపే అండాశయాలు మొరాయిస్తే ప్రిమెచ్యూర్ ఒవేరియన్ ఇన్సఫిషియెన్సీ, క్లుప్తంగా పీఓఐ. ఇది నూటికి ఒకరికి వస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. కొత్త లెక్కల ప్రకారం నూటికి ముగ్గురు నలుగురు దాకా ఉన్నారట. అంటే మీకు తెలిసినవాళ్లలోనే ఎవరో ఒకరు ఉండి ఉంటారు, చెప్పుకుని ఉండరు.

ఎందుకొచ్చిందని చాలామంది అడిగారు. కీమో, రేడియేషన్, అండాశయాలు తీసేసే ఆపరేషన్ తర్వాత వస్తుంది. ఎక్స్ క్రోమోజోములో లోపంతో పుట్టే టర్నర్ సిండ్రోమ్ వల్ల, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు తేడా వల్ల వస్తుంది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే అండాశయాల మీద తిరగబడినా వస్తుంది. నాకు అన్నీ వెతికారు, ఏదీ తేలలేదు. చాలామందికి తేలదట. "రాత్రుళ్లు మేలుకుని పని చేస్తావు కదా, అందుకే" అన్నవాళ్లకి ఒక్క మాట: ఇది నేను చేతులారా తెచ్చుకున్నది కాదు. ఇప్పటికే పగిలి ఉన్న మనసు మీద ఆ రాయి కూడా వేయకండి.

ఇక పీడ సంగతి. ఆగిపోయింది నెలసరి ఒక్కటే అయితే నేనూ సంతోషించేదాన్ని. ఆగిపోయింది అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోను. ఎముక గట్టిగా ఉండాలన్నా, రక్తనాళాలు మెత్తగా సాగుతుండాలన్నా, నిద్ర, మూడ్, జ్ఞాపకం సవ్యంగా ఉండాలన్నా, యోని పొర ఎండిపోకుండా ఉండాలన్నా దాని చేయి ఉంది. 51కి ఆగాల్సింది 38కే ఆగితే, మిగతా ఆడవాళ్లకంటే పదమూడేళ్లు ఎక్కువగా నా ఎముకలూ గుండే అది లేకుండా బతకాలి. చికిత్స లేకుండా వదిలేస్తే ఎముకలు విరిగే ముప్పు, గుండెజబ్బు ముప్పు రెండూ పెరుగుతాయి. నాకు ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేస్తే వెన్నెముక స్కోరు మైనస్ 1.9 వచ్చింది. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని, మైనస్ 2.5, ఇంకా కింద అయితే గుల్లబారిందని లెక్క. ఆ కాగితం మీద రంగుల గ్రాఫులో నా చుక్క పసుపు పట్టీలో, ఎరుపుకి దగ్గర్లో ఉంది. ఆ చుక్క చూశాక ఆవిర్ల గురించి ఏడవడం మానేసి చికిత్స గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

"హార్మోన్లా? క్యాన్సర్ వస్తుందట!" ఇంట్లో మొదటి మాట ఇదే. నా మనసులో మొదటి మాట కూడా ఇదే, అబద్ధం ఎందుకు చెప్పాలి. డాక్టరు రాసిచ్చిన చీటీ రెండు నెలలు బ్యాగులోనే పెట్టుకు తిరిగాను. ఆ భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకున్నాకే మందు కొన్నాను.

అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2002 జులైలో అందులో ఒక భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే ఇంకో కృత్రిమ హార్మోను కలిపిన మాత్ర వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరిగిందన్నారు. ఆ వార్త దెబ్బకి ప్రపంచమంతా లక్షలమంది మాత్రలు మానేశారు. ఎంత పెరిగింది? పది వేల మంది ఏడాదిపాటు వాడితే, అదనంగా 8 మందికి. అది తక్కువని కొట్టిపారేయను, ఆ ఎనిమిదిమందీ మనుషులే. కానీ ఆ అధ్యయనంలో చేరింది 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు, సగటు వయసు 63. గర్భసంచి తీసేయడంతో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్ల భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఈ సంగతి మాత్రం ఇంటింటికీ చేరలేదు. అప్పటినుంచి మందుల మీద ఉంటూ వచ్చిన పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీసేయిస్తామని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరులో ప్రకటించింది. భయం మాత్రం మన ఇళ్లలో అలాగే ఉంది.

63 ఏళ్ల మనిషికి ఒంట్లో సహజంగా లేనిదాన్ని కొత్తగా ఇవ్వడం వేరు. 38 ఏళ్ల మనిషికి ఒంట్లో ఉండి తీరాల్సినదాన్ని తిరిగి ఇవ్వడం వేరు. నా ఈడువాళ్లందరి ఒంట్లోనూ ఆ ఈస్ట్రోజన్ ఉంది. క్యాన్సర్ భయంతో దాన్ని ఆపించుకోమని వాళ్లకి ఎవరూ చెప్పరు. మరి నాకు ఎందుకు వద్దు? ఇది ఒక్కటి అర్థమయ్యాక నా తలలో ముడి విడిపోయింది. వాడకూడని కారణం ఏదీ లేకపోతే, ఎర్లీ మెనోపాజ్ వచ్చినవాళ్లు సహజంగా ఆగే వయసు దాకా, అంటే 50, 51 దాకా హార్మోన్లు వాడటమే మంచిదన్నది ఇప్పటి వైద్యుల మాట. థైరాయిడ్ తక్కువైతే మాత్ర వేసుకుంటాం. ఇన్సులిన్ లేకపోతే ఇంజెక్షన్ తీసుకుంటాం. అండాశయం పని మానేస్తే మాత్రం ఓర్చుకోమంటాం.

నేను ప్యాచ్ ఎంచుకున్నాను. ఈస్ట్రోజన్ మాత్రగా మింగితే కాలేయం గుండా పోవడం వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. చర్మం మీదుగా వెళ్లే ప్యాచ్, జెల్‌లతో ఆ ముప్పు పెరిగినట్టు కనబడలేదు. మా ఇంట్లో ఒకరికి కాలిలో గడ్డకట్టిన చరిత్ర ఉంది, అందుకే ఇది. ఆదివారం ఒకటి, బుధవారం రాత్రి ఒకటి. పొట్ట కింద ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. పలుచని పారదర్శకమైన ముక్క, అరచేతితో పది సెకన్లు ఒత్తిపట్టాలి. తీసేశాక జిగురు గీత చతురస్రంలా మిగులుతుంది, దానికి నూలు పోగులు అంటుకుంటాయి, కాస్త నూనె రాస్తే పోతుంది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు. లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోవచ్చు. కాబట్టి ఆ పొరని అదుపులో ఉంచే ప్రొజెస్టరాన్ అనే హార్మోను కూడా తప్పదు. దానికి మగత వస్తుంది, రాత్రి పడుకునేముందు వేసుకుంటాను. మొదటి నెల రొమ్ములు సలిపాయి, మధ్యమధ్య మరకలు కనిపించాయి. 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 100కి పెంచారు, చిన్న వయసువాళ్లకి ఎక్కువ మోతాదే కావాల్సి వస్తుందట. మూడో వారంలో ఒకరోజు కళ్లు తెరిచేసరికి తెల్లారింది. దిండు పొడిగా ఉంది. మా ఆయన్ని లేపి మరీ చెప్పాను.

గర్భనిరోధక మాత్రలు కూడా ఒక దారే. కొందరికి అదే నప్పుతుంది, పైగా పీఓఐ ఉన్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిమందికి అనుకోకుండా గర్భం నిలుస్తుంది కనుక ఆ రక్షణా ఉంటుంది. హెచ్‌ఆర్‌టీ, అంటే నేను వాడుతున్న ఈ హార్మోన్ చికిత్స, గర్భనిరోధకం కాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇదంతా చదివి అందరూ హార్మోన్లు వాడేయాలని నేనంటున్నట్టు అనుకోవద్దు. నా స్నేహితురాలికి 39కి రొమ్ము క్యాన్సర్, కీమోతో ముట్లు ఆగిపోయాయి. ఆమె గడ్డ హార్మోన్లతో పెరిగే రకం, కాబట్టి నా ప్యాచ్ ఆమెకి పనికిరాదు. ఆవిర్లకి ఆమె వెన్లఫాక్సిన్ వాడుతోంది. మామూలుగా డిప్రెషన్‌కి ఇచ్చే మందే, తక్కువ మోతాదులో ఆవిర్లని తగ్గిస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే టామాక్సిఫెన్ వాడేవాళ్లకి పారాక్సిటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు మాత్రం ఇవ్వకూడదు, అది టామాక్సిఫెన్ పనితనాన్ని తగ్గిస్తుంది. ఆమెకి మొదట అదే రాశారు, ఫార్మసిస్టు గమనించి ఆపారు. ఆవిర్లకి గాబాపెంటిన్ అనే మందు ఉంది, 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన, హార్మోను కాని ఫెజోలినెటెంట్ ఉంది, దానికి కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆలోచనల తీరు మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ కూడా ఆవిర్ల బాధని, నిద్రలేమిని తగ్గిస్తుంది. ఇవన్నీ మంచివే. కానీ ఇవి ఆవిర్ల వరకే, ఎముకని కాపాడవు. అందుకే ఆమె ఎముకల కోసం వేరే మందు, వేరే స్కాన్లు. హార్మోన్లు కుదిరే మనిషి భయంతో వాటిని వద్దనుకుని ఆవిర్ల మందొకటి వేసుకుని అంతా బాగైందనుకుంటే, మోసపోయేది తనే.

హార్మోన్ బ్యాలెన్స్ పొడులు, మూలికల మాత్రలు అమ్మేవాళ్ల మెసేజులు నాకు రోజూ వస్తాయి. నిద్రపోయిన అండాశయాన్ని లేపుతామంటారు. అలా లేపినట్టు రుజువున్న మందు ఇంతవరకూ లేదు. నొప్పిలో ఉన్న మనిషి ఆశని అమ్ముకోవడం నాకు సహించని పని.

మాకు ఒక పాప. రెండో బిడ్డ అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాం. దాత అండంతో ప్రయత్నించొచ్చని డాక్టరు చెప్పారు, మేం వద్దనుకున్నాం. దీని గురించి ఇంతకంటే రాయలేను.

భార్యాభర్తల మధ్య వచ్చే మంట, పొడిబారడం గురించి నోరు విప్పడానికి నాకు ఏడాది పట్టింది. యోనిలో వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ ఉంటుందని తెలిసుంటే ఆ ఏడాది మా ఇద్దరి మధ్య అంత మౌనం ఉండేది కాదు. అడగండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఇంకొకటి. ఇది కుటుంబాల్లో నడవొచ్చని చెప్పి, "మీ అమ్మగారికి ఎప్పుడు ఆగాయి?" అని డాక్టరు అడిగారు. నాకు తెలియదు. ముప్పై ఎనిమిదేళ్లుగా మా అమ్మతో మాట్లాడుతున్నాను, ఇది మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేస్తే "ఏమోనే, నలభై ఒకటో రెండో ఉంటాయి. అప్పట్లో ఎవరికి చెప్పుకుంటాం?" అంది. ముందు చెల్లికి చెప్పాను. దానికి 33, పిల్లల గురించి తర్వాత చూద్దామనుకుంటోంది, వెళ్లి పరీక్షలు చేయించుకుంది.

తర్వాత అమ్మ మణికట్టు గుర్తొచ్చింది. 56వ ఏట గడప దగ్గర తూలి చెయ్యి ఆనించింది, అంతే, విరిగింది. కట్టు కట్టారు, అతికింది, అందరం మర్చిపోయాం. అంత చిన్న దెబ్బకి ఎముక ఎందుకు విరిగిందని మేమూ అడగలేదు, కట్టు కట్టినవాళ్లూ అడగలేదు. పోయిన నెల అమ్మని డెక్సాకి తీసుకెళ్లాను. మైనస్ 3.1. మందు మొదలుపెట్టారు. బయట బెంచీ మీద కూర్చుని, కాగితంలో ఎర్ర పట్టీలో ఉన్న తన చుక్క మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అప్పుడే తెలిసుంటే ఏమన్నా చేసేవాళ్లా?" అని అడిగింది.

"చేసేవాళ్లమ్మా" అన్నాను.