స్క్రిప్ట్ వద్దట, చేత్తో చేస్తేనే నమ్మకమట!

మధ్యాహ్నం నుంచి ఒళ్ళు మండిపోతోంది. ఒడిశాలోని బరంపురంలో నేను పనిచేసే చోట కొత్తగా చేరిన పిల్లలకి ల్యాబ్ సర్వర్‌లో లాగిన్లు తెరవాలి. పేర్లు, రోల్ నంబర్లు ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి, ఒక్కో వరసా చదువుతూ యూజర్‌ని తయారుచేసి, తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, మొదటి లాగిన్‌లోనే దాన్ని మార్చుకోక తప్పకుండా చేసే బాష్ స్క్రిప్ట్ రాశాను. స్క్రిప్ట్ అంటే వరసగా నడిచే కమాండ్ల జాబితా, బాష్ అంటే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో వాటిని నడిపే ప్రోగ్రాం. యూజర్‌ని చేర్చే యూజర్‌యాడ్, పాస్‌వర్డ్ పెట్టే సీహెచ్‌పాస్‌డబ్ల్యూడీ, దాన్ని మార్చుకోక తప్పకుండా చేసే చేజ్. ముఖ్యమైన కమాండ్లు ఆ మూడే. టెస్ట్ మెషీన్ మీద నడిపి చూపించాను కూడా.

మా పెద్దాయన స్క్రీన్ వంక ఒకసారి చూసి, "ఈ నల్ల తెర పనులు మనకొద్దయ్యా, ఏదన్నా అయితే ఎవరు జవాబు చెబుతారు? చేత్తో చేయించు, నమ్మకంగా ఉంటుంది" అన్నారు.

ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఒక్కో పేరూ టైపు చేయించారు. ఒకే ఇంటిపేరుకి రెండు స్పెల్లింగులు పడ్డాయి. ఒక అమ్మాయి రోల్ నంబరులో అంకెలు తారుమారయ్యాయి. ఆ అమ్మాయి మొదటి రోజు ల్యాబ్‌కి వచ్చి, లాగిన్ అవ్వక, అందరి ముందూ బిక్కమొహం వేసుకుని కూర్చుంటే దానికెవరు జవాబు చెబుతారు? ఆ కుర్రాళ్ళనే తిడతారు, చూడండి.

నమ్మకం అన్నారు కదా, అది ఎక్కడుందో చెప్పమనండి. స్క్రిప్ట్‌లో నేనేం చేశానో వరసకి వరస రాసి ఉంది. ఎవరైనా తెరిచి చదవొచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు, వచ్చే ఏడాది అదే మళ్ళీ నడపొచ్చు. ప్రతి కమాండూ పని ముగించాక ఒక అంకె ఇస్తుంది. సున్నా అయితే అయింది, ఇంకేదైనా అయితే కాలేదు. చేత్తో నొక్కిన క్లిక్కులకి ఏ లెక్క ఉంది? ఎవరు ఏ బాక్సులో టిక్ పెట్టారో సాయంత్రానికి వాళ్ళకే గుర్తుండదు.

ప్రమాదం లేదని నేననడం లేదు. స్టీమ్ అనే ఆటల యాప్ లినక్స్ వెర్షన్‌లో 2015 జనవరిలో ఒక బగ్ బయటపడింది. స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ (విలువ దాచుకునే చోటు) ఖాళీ అయిపోతే, చెరిపేసే కమాండ్ రూట్ నుంచి, అంటే ఫోల్డర్లన్నిటికీ పైన ఉన్న చోటు నుంచి, మొదలెట్టి మనుషుల సొంత ఫైళ్ళు తుడిచేసింది. అలాంటిది జరగకుండా ఆపే పద్ధతీ ఉంది. వేరియబుల్ పేరు తర్వాత బ్రాకెట్‌లో కోలన్, ప్రశ్న గుర్తు పెడితే అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. చెరిపే ముందు ఎకో (రాసింది తెర మీద చూపించే కమాండ్) పెట్టి ఏం చెరుగుతుందో చూసుకోవచ్చు. షెల్‌చెక్ అనే టూల్ స్క్రిప్ట్‌లో తప్పులు ఉచితంగా చూపిస్తుంది. విండోస్ వాళ్ళకి ఇలాగే కమాండ్లు నడిపే పవర్‌షెల్‌లో వాట్‌ఇఫ్ ఉంది, చాలా కమాండ్లకి అది తగిలిస్తే పని చేయకుండా ఏం చేయబోతోందో మాత్రం చెబుతుంది. ఇవి నేర్చుకోమని ఎవరూ అనరు. ఆపెయ్యమనడం మాత్రం అందరికీ వచ్చు.

చేత్తో చేసే నమ్మకం ఎలా ఉంటుందో మా పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా వాళ్ళకి తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీద పడింది. మాకు తెలిసిన ఒక ఆఫీసులో బ్యాకప్ అంటే ఒక మనిషి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి అదే గదిలో బీరువాలో పెట్టడం. ఆయన సెలవులో ఉన్నారు, గదిలోకి నీళ్ళొచ్చాయి, కంప్యూటర్లూ బీరువా కలిసే తడిశాయి. జనం మళ్ళీ కాగితాలు పట్టుకుని క్యూలో నిలబడ్డారు. చెప్పిన వేళకి కమాండ్ నడిపే క్రాన్‌లో ఒక్క లైను ఉంటే చాలేది! నిమిషం, గంట, తేదీ, నెల, వారం, ఆ తర్వాత కమాండ్. రాత్రి రెండింటికి ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్ దానంతట అది లేచి, మారిన భాగాలు మాత్రమే వేరే ఊళ్ళో ఉన్న మెషీన్‌కి పంపేస్తుంది. క్రాన్‌కి సెలవుల్లేవు. ప్రతి ఏటా అక్టోబర్ వస్తే ఆకాశం వంక చూసే ఊళ్ళు మావి. ఇక్కడ కూడా ఇది అర్థం కాకపోతే ఇంకెక్కడ అర్థమవుతుంది?

అసలు తప్పు పెద్దాయన ఒక్కరిదీ కాదు. ఈ ఊళ్ళో కంప్యూటర్ నేర్పేది ఎలా? ఏ సందులో చూసినా డీసీఏ, పీజీడీసీఏ, ట్యాలీ కోర్సుల బోర్డులే. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, సర్టిఫికెట్. టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే ఆ నల్ల తెర, తెరిచి చూపించే సార్ నాకు ఒక్కరు కనపడలేదు.

మా పిన్ని కూతురు పర్లాకిమిడి పక్క పల్లెలో తెలుగు బడిలో చదివింది. అలాంటి ఒక సెంటర్లో చేరి, అర్థంకాని చోట తెలుగులో అడిగింది. ఆ సార్ ఇంట్లో తెలుగే మాట్లాడతారు, నాకు తెలుసు. అయినా "కంప్యూటర్‌కి తెలుగు రాదమ్మా, ఇంగ్లీషు రాకపోతే ఎందుకొచ్చావ్" అన్నారట క్లాసంతా వింటుండగా. పిల్ల మానేసింది. ఇంటికొచ్చి కంప్యూటర్ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది.

నేను దగ్గర కూర్చోబెట్టుకుని తెలుగులోనే చెప్పాను. సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్లోంచి గ్రెప్ కమాండ్‌తో ఫెయిలైన లాగిన్లు ఏరి, ఆక్ కమాండ్‌తో అందులోంచి కంప్యూటర్ల అడ్రస్సులు తీసి, ఒకదాని ఫలితం ఇంకోదానికి అందించే పైప్‌తో వరసలో పెట్టే సార్ట్‌కి ఇచ్చి, ఒకేలా ఉన్న వరసల్ని కలిపే యూనిక్‌తో లెక్కపెట్టించాను. "అన్నయ్యా, యూనిక్ ఉండగా మధ్యలో సార్ట్ ఎందుకు?" అని అడిగింది. యూనిక్ పక్కపక్కన ఉన్న వరసల్నే పోల్చి చూస్తుంది, దూరంగా ఉన్నవి దానికి కనపడవు అన్నాను. ఒక్కసారికి పట్టేసింది. ఈ ప్రశ్న అడగగలిగిన పిల్లని బయటికి పంపేశారు, ఇంగ్లీషు రాదని! ఇది తలుచుకుంటే ఇవాళ్టి కోపం ఏమీ కాదు.

గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు మాది. మనుషులు మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని పోరాడారు. ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల కోసం వాళ్ళ భాష తాను నేర్చుకుని పాఠపుస్తకాలు రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు, మేము ఇక్కడే ఉండిపోయాం. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి దండలు వేస్తారు, అవతల ఆంధ్ర నుంచి పెద్దలొచ్చి తెలుగు తియ్యదనం గురించి మాట్లాడి భోంచేసి వెళ్తారు. ఇక్కడ తెలుగు మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా పడి ఉంటుంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. వైజాగ్ వెళ్తే మా యాస విని "మీరు ఒడియా వాళ్ళా" అంటారు. ఇటూ కాము, అటూ కాము. మా పిల్లలకి ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించే ఒక ఫర్ లూప్ తెలుగులో చెప్పే దిక్కు లేదు.

ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ వాళ్ళు లినక్స్, బాష్ పాఠాలు డబ్బులు తీసుకోకుండా ఇస్తున్నారు. బాష్‌కి పైసా ఖర్చు లేదు, 1989 నుంచి అందరిదీ. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుని మొదలెట్టొచ్చు.

పర్లాకిమిడి చుట్టుపక్కల వాళ్ళెవరైనా సరే, ఆదివారం పొద్దున మా ఇంటికి పిల్లల్ని పంపండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే తెమ్మనండి, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) నేనే వేసి పెడతాను. ఫీజు లేదు. పాఠం తెలుగులో ఉంటుంది, ప్రశ్నలు ఒడియాలో అడిగినా చెబుతాను. సర్టిఫికెట్ కోసం మాత్రం ఎవర్నీ పంపొద్దు, నా దగ్గర లేదు.