స్వే బార్ బిగించగానే క్యాంపర్ ఊగడం ఆగిపోదు

బండి వెనుక లాగుతున్న క్యాంపర్ (లోపల బస చేసే వీలున్న ట్రైలర్) అటూ ఇటూ ఊగుతోందని ఎవరైనా చెప్పగానే, మరింత ఖరీదైన హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే అమరిక) కొనమని సలహా ఇచ్చేవారే ఎక్కువ. ఆ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మూలం చాలాసార్లు సామాను సర్దిన తీరులోనే ఉంటుంది. బరువంతా వెనక్కు పోయిన ట్రైలర్‌కు ఎంత మంచి స్వే కంట్రోల్ (స్వే బార్ లాంటి, ఊగును అదుపు చేసే పరికరం) అమర్చినా, అది ఊగును కొంతవరకు అణచగలదే కానీ దాని కారణాన్ని తొలగించలేదు.

సామాను నింపిన ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (ట్రైలర్ ముందుకొన కూర్చునే, బండి వెనుక ఉండే ఇనుప గుండు) మీద పడాలి. అంటే 2,500 కిలోల ట్రైలర్‌కు 250 నుంచి 375 కిలోలన్నమాట. ఈ లెక్క చాలామందికి తెలుసు, కాటా మీద తూచి చూసేవారే అరుదు. బ్రోషర్‌లోని అంకె ఖాళీ ట్రైలర్‌ది. ఇరుసుకు వెనుక ఉన్న నీళ్ల ట్యాంకు నిండినా, వెనుక బంపర్‌కు సైకిళ్ల స్టాండు తగిలించినా, బాల్ మీద భారం తగ్గిపోతుంది. పైగా ఇరుసుకు అంత దూరాన ఉన్న బరువు, ఒకసారి మొదలైన ఊగును త్వరగా ఆగనివ్వదు.

భారం సరిపడా ఉన్నప్పుడు మరో సమస్య వస్తుంది. లాగే బండి ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బాల్‌కు 1.2 మీటర్లు అనుకుంటే, బాల్ మీద పడిన 300 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి 120 కిలోలను ఎత్తివేస్తాయి; స్టీరింగ్ తేలికైపోతుంది. బాల్ మీది భారాన్ని ఇరుసులకు పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లోని స్ప్రింగ్ బార్లు (స్ప్రింగులా వంగే ఉక్కు కడ్డీలు) ఆ భారాన్ని తిరిగి ముందుకు పంపుతాయి. ఎంత పంపాయో కంటిచూపుతో తేలదు. చదునైన నేల మీద, ట్రైలర్ తగిలించకముందు, లాగే బండి ముందు చక్రం మీది ఫెండర్ (చక్రాన్ని కప్పే రేకు) అంచు ఎత్తును టేపుతో కొలవాలి. అది 90 సెంటీమీటర్లు ఉండి, తగిలించాక 94కు లేచిందంటే, బార్లు బిగించిన తరువాత కనీసం 92కైనా దిగాలి. మీ బండి మాన్యువల్ వేరే లెక్క చెబితే దానినే పాటించాలి. దిగకపోతే హిచ్ హెడ్‌ను (బాల్ బిగించి ఉన్న భాగాన్ని) ట్రైలర్ వైపు ఇంకొంచెం వంచాలి, బార్లను గొలుసులతో పట్టి ఉంచే రకమైతే ఒక లింకు బిగించాలి. మరీ బిగిస్తే వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. ట్రైలర్ ముందుభాగం పైకి లేచి ఉండకూడదు.

నాకు నిజంగా కోపం తెప్పించేది, ఖాళీ ట్రైలర్‌కు హిచ్ అమర్చి, ఇక చూసుకోనక్కర లేదని చెప్పి తాళాలు అప్పగించే పద్ధతి. ఖాళీ బరువుకు చేసిన సెట్టింగ్ నిండు బరువుకు పనికిరాదు కనుక, సామానంతా ఎక్కించాక మళ్లీ కొలిచి తీరాలి. ఇంత చేసినా దారిలో ఊగు మొదలైతే, బండి బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకుండా నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకులను బండిలో నుంచే నడిపే పరికరం) మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేయాలి. ఆ మీట ఎక్కడుందో బయలుదేరే ముందే చేత్తో తడిమి చూసుకోండి.