ఏడో నెల నుంచి ఎవరు చూస్తున్నారు?

తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో నూటికి 28 మంది. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 33 మంది. ఎత్తుకు తగ్గ బరువు లేక మరీ చిక్కిపోయినవారు 4.8 శాతం నుంచి 8.5 శాతానికి చేరారు. నెపం కరోనా మీదకు నెట్టడానికీ వీల్లేదు. రాష్ట్రంలో ఆ సర్వే 2019 నవంబరులోనే ముగిసింది. ఆంధ్రప్రదేశ్ దిగజారలేదు గానీ బాగుపడిందీ లేదు: 31.4 శాతం కాస్తా 31.2 అయింది.

ఈ అంకెల వెనుక ఉన్నది ఎక్కువగా ఏడో నెల నుంచి రెండేళ్లదాకా జరిగే కథ. అన్నప్రాశన ముహూర్తానికే జరుగుతుంది. ఆ తర్వాతి అన్నమే చాలా ఇళ్లలో అరకొర. పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున్నే ఆటో ఎక్కి కూలికి పోతుంది. బిడ్డ నాయనమ్మ దగ్గర. ఏడిస్తే టీలో ముంచిన బిస్కెట్టు, మధ్యాహ్నం పలుచటి చారన్నం. నడుమ రెండుసార్లు విరేచనాలు పట్టుకుంటే ఒళ్లు తీసిపోతుంది. తగ్గిన బరువు మళ్లీ రావచ్చు. ఆగిన ఎత్తు అంత సులువుగా రాదు. పైకి జబ్బేమీ కనిపించదు కాబట్టి ‘మా వంశమే పొట్టి’ అని ఇంట్లో సరిపెట్టుకుంటారు.

అంగన్‌వాడీలో వేడి భోజనం మూడేళ్లు నిండినవారికే. అంతకన్నా చిన్నవాళ్ల బాలామృతం (పోషకాహార పిండి) పొట్లం ఇంటికి వెళ్తుంది, అక్కడ అందరి పిల్లలకూ లడ్డూలవుతుంది. తల్లిని తప్పుపట్టి ఏం లాభం? పెద్దబిడ్డ చేయి చాస్తే ఏ అమ్మ కాదంటుంది?

వేళకు పెడితే ఫలితం ఎంతకాలం నిలుస్తుందో మన దగ్గరే తేలింది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన చేసిన హైదరాబాద్ సమీప పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13-18 ఏళ్లకు వచ్చాక కొలిస్తే, ఉప్మా అందని ఊళ్లవాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. గుండెజబ్బు, చక్కెరవ్యాధి ముప్పును పసిగట్టే కొన్ని కొలతలూ వాళ్లకే మెరుగు. పల్లెల తిండిని ఏళ్ల తరబడి కనిపెట్టి చూసేందుకు 1972లో అదే సంస్థలో మొదలైన పోషకాహార పర్యవేక్షణ బ్యూరోను మాత్రం 2015లో మూసేశారు. దాన్ని తిరిగి తెరవాలి.

అంగన్‌వాడీ టీచర్లు నెలనెలా యాప్‌లో ఎత్తూ బరువూ ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ వివరాలు ఢిల్లీదాకా పోతే సరిపోదు. వరుసగా రెండు నెలలు బరువు పెరగని బిడ్డ ఎవరో ఊళ్లోని నర్సుకు (ఏఎన్‌ఎం) వెంటనే తెలియాలి. ఆరు నెలల పసివాళ్లను సైతం పగలంతా చూసుకునే అంగన్‌వాడీ క్రెష్‌లకు కేంద్రం పాల్నా పథకం కింద వీలు కల్పించింది. పత్తి, మిరప పండే మండలాల్లో వాటిని ఏరుడు మొదలయ్యేలోపే తెరవాలి. అక్కడ ఏడు నెలల బిడ్డకు పప్పుకట్టు కలిపిన మెత్తటి అన్నం తినిపించే ఆయా జీతానికి తమ తమ వాటాలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ముందే సిద్ధం చేసుకోవాలి.