కెఫెటీరియాలో కెథడ్రల్

అమెరికాలో ఎపిస్కోపల్ సంఘం (అంటే ఆంగ్లికన్ చర్చికి అక్కడి శాఖ) తరఫున మిషన్ చర్చి, అంటే ఇంకా తన కాళ్ల మీద తాను నిలబడని చర్చి, ఒకటి కొత్తగా పెట్టదలచినవారు ముందుగా ప్రార్థన చేసుకోవాలి. వెంటనే పేరు కమిటీ వేసుకోవాలి. ఒక్క కుటుంబమూ ఇంకా చేరి ఉండదు. అయినా సెయింట్ ఆండ్రూ బాగుంటుందా, సెయింట్ మార్క్ బాగుంటుందా, కుర్రకారుకు నచ్చేలా ఒట్టి ‘గ్రేస్’ అంటే సరిపోతుందా అని మూడు సమావేశాలు నడుస్తాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నది మన సామెతే గానీ, దాన్ని ఇంత నిష్ఠగా ఆచరిస్తున్నది మాత్రం వీళ్లే. పేరు తేలాక లోగో, లోగో తేలాక అది అచ్చేసిన కాఫీ కప్పులు. చర్చికి రానివాళ్లను పిలవడం ఎలాగన్నది నాలుగో సమావేశం ఎజెండాలో చివరి అంశం. దానికి టైము చాలదు.

ఈ సంఘానికి మిషన్ కొత్తేమీ కాదు. సభ్యులందరూ మిషనరీ సొసైటీ సభ్యులేనని వీరి జాతీయ మహాసభ, జనరల్ కన్వెన్షన్, 1835లోనే తీర్మానించింది. అదే ఏడాది జాక్సన్ కెంపర్‌ను తొలి మిషనరీ బిషప్‌గా పడమటికి పంపింది. అందరూ మిషనరీలే కాబట్టి, ఆదివారం పొద్దున ఏడింటికి, అద్దె హాలుకు చర్చి సామాను తెచ్చే ట్రెయిలర్ దింపడానికి ఆరుగురు వస్తారు. ప్రతి వారమూ ఆ ఆరుగురే. రెండు జట్లు చేసి వారం మార్చి వారం పిలవకపోతే క్రిస్మస్ నాటికి ఇద్దరికి నడుం నొప్పి, ఒకరికి విశ్వాసం మీద అనుమానం పట్టుకుంటాయి.

ట్రెయిలర్ ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు. చర్చంతా అందులో పట్టాలి. ప్లాస్టిక్ డబ్బాల నంబర్లు మూత మీద రాయకూడదు, పక్కన రాయాలి. ఒకదాని మీద ఒకటి పేర్చాక మూత ఎవరికి కనబడుతుంది? దింపగానే కావలసినవి చివర ఎక్కించాలి. శిలువ నిలువు కొయ్యనీ అడ్డ కొయ్యనీ కలిపి బిగించే నట్టు ఒకటుంటుంది. నాలుగో వారానికి అది మాయమవుతుంది. అరడజను కొని ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో పడేస్తే మంచిది. ఆ పెట్టెను ఎవరూ సర్దరు, కాబట్టి అందులోవి ఎక్కడికీ పోవు.

చర్చి నడిచేది స్కూలు కెఫెటీరియాలో. అద్దె కాక, స్కూలును కూడా బీమాలో చేర్చినట్టు సర్టిఫికెట్ అడుగుతారు. హాలు తెరిచి మూసే స్కూలు ఉద్యోగి కస్టోడియన్‌కు గంటల లెక్కన డబ్బు కట్టమంటారు. ఇవి కట్టేస్తే సరిపోతుంది. అసలు సమస్య పాల కూలర్. పాపపు ఒప్పుకోలుకు ముందు అందరూ మౌనం పాటించగానే దాని కంప్రెసర్ గుర్రుమంటుంది. భక్తిపరులు ఎవరో లేచి వెళ్లి ప్లగ్గు పీకుతారు. ఆ నిశ్శబ్దం దివ్యంగా ఉంటుంది. మళ్లీ పెట్టడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. సోమవారం పిల్లల పాలన్నీ విరిగిపోయి, స్కూలు నుంచి సంఘానికి తొలి అధికారిక లేఖ అందుతుంది. ప్లగ్గు పీకినవారు తమ కారు తాళాలు కూలర్ మీద పెట్టి రావాలి. అవి లేకుండా ఇంటికి పోలేరు కదా.

కాఫీ సంగతీ ఇలాంటిదే. 1500 వాట్ల కాఫీ పాత్రలు రెండు ఒకే గోడ సాకెట్లలో పెడితే 3000 వాట్లు. అక్కడి 120 వోల్టుల, 20 ఆంపియర్ల లైను మోసేది 2400. కీబోర్డు కూడా అదే లైన్లో ఉంటుంది కాబట్టి, సరిగ్గా కానుక పాట రెండో చరణంలో సంగీతం, కాఫీ కలిసి ఆగిపోతాయి. బ్రేకర్ పెట్టె తాళం కస్టోడియన్ దగ్గరుంటుంది. ఒక పాత్రను వంటగది లైనుకు మార్చితే సరి. కానీ అది ఆతిథ్య కమిటీ పరిధిలోనిదా, సంగీత కమిటీ పరిధిలోనిదా తేలాలి.

ఇక వైను. చాలా పబ్లిక్ స్కూళ్ల ఆవరణలో మద్యం నిషేధం. ఎపిస్కోపల్ ప్రభు బల్ల మీద మాత్రం అసలు వైనే ఉండాలి. అద్దె కాగితం మీద సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన విషయమిది, పెట్టాక కాదు. ప్రభు బల్ల సంస్కారంలో మిగిలిన రొట్టె, వైను దాచుకోకపోతే భక్తితో అక్కడే ముగించాలని 1979 ప్రార్థనా గ్రంథం చెబుతోంది. ఇరవై మందికి చిన్న కాఫీ కప్పుడు చాలు. మొదటివారం ఉత్సాహంలో సీసా మొత్తం ఒంపితే, మిగిలింది తాగాల్సింది ఈ చర్చి పాదిరి, అంటే వికార్ గారు. తర్వాత ట్రెయిలర్ నడపాల్సిందీ ఆయనే.

చర్చి కాలాన్ని బట్టి రంగు మారే ఆరాధన వస్త్రాల మీద కూడా ఖర్చు తొందరపడుతుంది. సెప్టెంబరులో మొదలుపెడితే అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) దాకా దాదాపు అన్ని వారాలూ ఆకుపచ్చే. ఒక్క ఆకుపచ్చ సెట్టుతో శరత్కాలం గడిచిపోతుంది. కానీ నాలుగు రంగులూ ఒకేసారి కొంటారు. పైగా అడ్వెంట్‌కు ఊదా వాడాలా, నీలం వాడాలా అన్న తగవు తెగక ఐదోదీ కొంటారు. ఈస్టర్ జాగరణకు చీకట్లో కొత్త నిప్పు రాజేయాలి. పార్కింగులో బార్బెక్యూ పొయ్యి మీద రాజేసి, ఒక్క కొవ్వొత్తి వెలుగులో గంభీరంగా లోపలికి అడుగుపెడతారు. మోషన్ సెన్సర్ చూసి హాల్లోని ట్యూబులైట్లన్నీ భగ్గున వెలుగుతాయి. చీకటిని జయించే పని ఆ రాత్రి క్రీస్తుకు మిగలదు.

మాకు తోచిందొకటే. వీళ్లు కొత్త చర్చి పెట్టడం లేదు. పాత చర్చిని మడతపెట్టి ట్రెయిలర్లో ఎక్కించుకుంటున్నారు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు డోర్నకల్‌కు 1912లో బిషప్ అయ్యారు, అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) ప్రతిష్ఠ 1939లో జరిగింది. కెథడ్రల్ లేని ఆ ఏళ్లలోనే తెలుగు పల్లెల్లో సంఘాలు పెరిగాయి. మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఎపిస్కోపల్ సంఘానికి చుట్టమే కాబట్టి, టెక్సస్ శివారులో ఓ తెలుగు కుటుంబం ఎప్పుడో అటు వస్తుంది. మొదటివారం పేరు బిళ్ల అంటిస్తారు. రెండోవారం ఆ ఇల్లాలిని బల్ల సేవ కమిటీలో, ఆయన్ని ఆస్తుల కమిటీలో వేస్తారు. ఆస్తి అంటే ట్రెయిలరే. మూడోవారం వాళ్లు కనబడరు.

డబ్బు లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. పాతిక కుటుంబాలు వారానికి యాభై డాలర్లు వేస్తే ఏడాదికి 65,000. వికార్ గారి జీతభత్యాలు 80,000 అనుకుంటే, దాని మీద 18 శాతం, అంటే 14,400, అదనంగా పెన్షన్ నిధికి కట్టాలి. లోటు డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిలన్నిటి సంస్థ) గ్రాంటు పూడుస్తుంది. ఆ గ్రాంటు ఏటా తగ్గుతుంది. ఆరాధన పత్రం మాత్రం పదహారు పేజీలు ఉంటుంది. మడిచే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి కదా, పదమూడు పేజీల విషయానికి మూడు పేజీలు ఖాళీ. అవి కమిటీల జాబితాతో నిండుతాయి.

ఏడాది చివర హాజరు సగటు డయోసిస్‌కు పంపాలి. తొలిరోజు బిషప్పూ, తల్లి చర్చివాళ్లూ వచ్చి అరవై అవుతారు. మరుసటివారం ఇరవై రెండు. అప్పటినుంచి ప్రతి తలా విలువైనదే. ప్రతి ఆదివారం మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా, ఒక్కసారీ తప్పకుండా, వెనక స్టూలు మీద కస్టోడియన్ కూర్చుని ఉంటాడు. అతణ్ణి లెక్కలో వేయాలా? గంటకు డబ్బిచ్చి కూర్చోబెట్టినవాణ్ణి ఎలా వేస్తామని కోశాధికారి అభ్యంతరం చెప్పారు. అలాగైతే వికార్ గారినీ తీసేయాల్సి వస్తుందని ఎవరో గుర్తుచేశారు. విషయం ఉపసంఘానికి నివేదించబడింది.